దొరసాని గొంతులో నవ్విన టమాట

ఇబ్రహీంపట్నంలో భూముల ధరలకు రెక్కలొచ్చి, నిన్నటిదాకా జొన్న పండిన చేలలో తెల్లారేసరికి సున్నపు గీతలూ హద్దురాళ్లూ మొలుస్తున్న ఆ రోజుల్లో, మా వయసు పిల్లలకు 'పాతది' అన్న మాట తిట్టులా వినిపించేది. ఎవరింట్లో చూసినా ఏదో ఒక కొత్త వస్తువు దిగేది. వస్తువు కన్నా అది వచ్చిన అట్టపెట్టెను నాలుగు రోజులు వాకిట్లో ఉంచడం ముఖ్యం (వాడంతా చూడాలి కదా!). రాగి బిందెలు అటకెక్కాయి, ప్లాస్టిక్ బిందెలు ముందుకొచ్చాయి. పెళ్లిళ్లలో మోదుగాకు విస్తళ్లు పోయి, తిని అవతల పారేసే తెల్లటి పళ్లేలు వచ్చాయి. పారేయగలగడమే హోదా అని మేమంతా మనస్ఫూర్తిగా నమ్మాం. అందరికన్నా గట్టిగా నమ్మినదాన్ని నేను. ఆ నమ్మకం చివరికి వెళ్లి ఎవరి గొంతులో ఇరుక్కుందో చెప్పాలంటే, ముందు మా అమ్మ గురించి చెప్పాలి.

మా వాడలో అమ్మను అందరూ 'సంచులక్క' అనేవాళ్లు. నాయిన బస్సు డ్రైవరు. ఆయన ఖాకీ ప్యాంటు ఒకటి చిరిగితే అమ్మకు పండగే. రెండు కాళ్లు రెండు సంచులయ్యేవి, నడుము భాగం జేబులతో సహా మూడో సంచి అయ్యేది. అలాంటి జేబు సంచితోనే నేను ఏడో తరగతి దాకా బడికి వెళ్లాను. ఆ జేబులో పెన్సిలు పెట్టుకుంటే, "అది మీ నాయిన కూసున్న జేబు గదనే!" అని పిల్లలు ఏడిపించేవాళ్లు. ఇక చీర సంగతి సరేసరి. అమ్మ కట్టి కట్టి వెలిసిన చీర నాకు లంగా అయ్యేది, అది పొట్టిదైతే దిండు గలీబు అయ్యేది, తర్వాత బొంతలో ఒక పొర అయ్యేది, బొంత చిరిగితే పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డ అయ్యేది. మా ఇంట్లో ఒక చీర ప్రాణం పోవడానికి పదిహేనేళ్లు పట్టేది. కిరాణా దుకాణానికి వెళ్తే నూనెకు స్టీలు క్యాను, పప్పుకు డబ్బా, మిగతా వాటికి సంచి. పొట్లం కట్టిన దారాన్ని కూడా విప్పి ఉండ చుట్టేది. తొక్కలు, తొడిమలు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ దొరసాని కుడితి తొట్టిలోకి వెళ్లేవి. అందుకే మా ఇంట్లో చెత్తబుట్ట అనే వస్తువు ఉండేది కాదు. అందులో వేయడానికి ఏమీ మిగిలేది కాదు మరి.

దొరసాని మా బర్రె. నల్లగా నిగనిగలాడుతూ, అమ్మ తప్ప ఎవరు పిలిచినా తల తిప్పకుండా, ఎదురొచ్చినవాళ్లే పక్కకు తప్పుకోవాలన్నట్టు నడిచేది కాబట్టి ఆ పేరు పెట్టింది నాయినే. వాడలో సగం ఇళ్లలో చాయ్ దాని పాలతోనే. అమ్మ దానితో మాట్లాడినంత ముద్దుగా మాతో ఎప్పుడూ మాట్లాడలేదు (ఇది ఫిర్యాదు కాదు, ఉన్న మాట).

ఇలాంటి ఇంట్లో పుట్టిన నాకు, ఇంటర్ అయ్యాక, మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఊళ్లో చల్లగాలి మిషన్ పెట్టిన మొదటి దుకాణం అదే అని చెప్పుకునేవాళ్లు. గాజు తలుపు ఉందని తెలియక ముక్కు పచ్చడి చేసుకున్నవాళ్లు మొదటి వారంలోనే నలుగురైదుగురు ఉన్నారు. నాకు నారింజ రంగు చొక్కా, నెత్తిన టోపీ, మెడలో టై ఇచ్చారు. నా పని గుమ్మం పక్కన సంచుల కౌంటర్‌లో. వచ్చినవాళ్ల చేతిలోని సంచి తీసుకొని గడిలో పెట్టి, నంబరు బిళ్ల ఇవ్వాలి. సంచులతోపాటు టిఫిన్ డబ్బాలు, గొడుగులు, గడ్డపారలు కూడా వచ్చేవి. ఒకసారి ఒక పెద్దాయన కాళ్లు కట్టిన కోడిని ఇచ్చి బిళ్ల తీసుకొని లోపలికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేదాకా పన్నెండో నంబరు గడిలోంచి అది కూస్తూనే ఉంది, నేను దాని పక్కనే నిలబడి "వెల్‌కమ్ మేడమ్" అంటూనే ఉన్నాను.

చేతిలోని సంచి తీసుకొని లోపలికి పంపడం, బయటికి వచ్చేటప్పుడు నాలుగు ప్లాస్టిక్ కవర్లతో వస్తే ఆ సంచిని తిరిగి ఇవ్వడం, వాళ్లు ఆ నాలుగు కవర్లనూ అదే సంచిలో పెట్టుకొని వెళ్లిపోవడం. రోజంతా ఇదే తంతు. ఇందులో ఏదో తిరకాసు ఉందని నాకు ఒక్కనాడూ తట్టలేదు. పైగా ఆ కవరంటే నాకు ఎంత మోజో! తెల్లగా, మెత్తగా, పట్టుకుంటే గలగలమంటూ, మధ్యలో ఎర్రటి టమాట బొమ్మ, ఆ టమాటకు కళ్లూ నోరూ, ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వు. నేను అన్నం డబ్బాను అమ్మ ఇచ్చిన ఖాకీ సంచిలో ఇంటి నుంచి బయల్దేరదీసి, మూల మలుపు తిరగగానే కవరులోకి మార్చేదాన్ని. తోటి అమ్మాయిలతో మా అమ్మకు 'బొటిక్' ఉందని కూడా చెప్పాను. మరి అమ్మ సంచులు కుట్టేది కదా. దాన్ని అబద్ధం అనుకోలేదు నేను, కొంచెం ఇస్త్రీ చేసిన నిజం అనుకున్నాను.

నేను చేరిన రెండో నెలలో ఒకనాడు, పదకొండు గంటలప్పుడు, గాజు తలుపు దగ్గర ఒకామె ఆగి, తలుపును చేత్తో తడిమి చూసి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. చంకలో జేబున్న ఖాకీ సంచి, చేతిలో నూనె క్యాను. అమ్మ. నా గుండె ఎగిరి టై ముడి దగ్గర ఆగింది. పక్కన ఇద్దరు తోటి అమ్మాయిలు ఉన్నారు, బొటిక్ కథ విన్నవాళ్లే.

"సంచి ఇవ్వాలమ్మా. లోపలికి తీసుకుపోకూడదు," అన్నాను, మొహం గోడ వైపు తిప్పుకొని.

"సంచి ఈడ ఇడిశిపెడితె సామాను దేంట్ల తెచ్చుకోవాలె?" అంది అమ్మ, నిజంగానే అర్థం కాక.

"లోపల కవరిస్తారు."

"కవర్ల నూనె వోస్తరా?"

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు మా మేనేజర్ వచ్చారు. ఆయనది గోదావరి జిల్లా. వచ్చినవాళ్లతో ప్రతి మాట చివరా ఒక 'అండి' తగిలించేవారు కాబట్టి మేమంతా చాటుగా 'గోదారి సారు' అనేవాళ్లం. "ఏమైందండి?" అని అమ్మను, "నీకు తెలిసినావిడా, అమ్మాయ్?" అని నన్ను అడిగారు.

"తెలియదు సార్," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. నా టోపీ చూసింది, టై చూసింది, పక్కనున్న అమ్మాయిలను చూసింది. తర్వాత గోదారి సారు వైపు తిరిగి, ఏ తడబాటూ లేకుండా, "అవ్ సారూ, గీ పిల్లెవరో నాకు గూడ తెల్వదు. సూస్తె మంచి తల్లి కన్న బిడ్డ లెక్కనే ఉన్నది. టోపీ జర వంకర వెట్టుకున్నది, గంతే," అంది. సంచీ క్యానూ నా ముందు పెట్టి, ఏడో నంబరు బిళ్ల తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

లోపల ఏం జరిగిందో నాకు సగం సగమే వినిపించింది. కందిపప్పు ప్యాకెట్ పట్టుకొని, "విప్పి సూపెట్టు కొడుకా, పుచ్చులున్నయా లేవా?" అని అడుగుతోంది. "అలా విప్పకూడదండి, సీలు వేసేశారండి," అని గోదారి సారు బతిమాలుతున్నారు. "సీలేస్తె పురుగుకు తెలుస్తదా సారూ?" అంటోంది అమ్మ. చివరికి ఉప్పు, బట్టల సబ్బు, డజను అరటిపండ్లు కొన్నది. ఉప్పుకొక కవరు, సబ్బుకొక కవరు. అరటిపండ్ల బరువుకు తెగుతుందని కవరులో కవరు వేసి డబుల్ కవరు. మూడు టమాటలు నవ్వుకుంటూ ఆమె వెంట వచ్చాయి. కౌంటర్ దగ్గర ఆగి బిళ్ల నా చేతిలో పెట్టి, "తీస్కో మేడమ్ నీ బిళ్ల. నా సంచి నాకియ్యి," అంది. ఆ 'మేడమ్' పొద్దుగూకేదాకా నా చెవిలో గుయ్‌మంటూనే ఉంది.

సాయంత్రం ఇంటికి చుట్టుదారిన బయల్దేరాను. ఎన్ని తిట్లు పడతాయో, నాయినతో ఏం చెప్పిందో అనుకుంటూ వెళ్లాను. అమ్మ అన్నం పెట్టింది. "కూర సాలుతదా?" అని అడిగింది. అంతే. తిట్టి ఉంటే కడుపునిండా ఏడ్చి తేలికపడేదాన్ని. ఆ కూర మాత్రం నిజంగానే గొంతు దిగలేదు.

మర్నాడు నాకు సెలవు. నాయిన పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి నిద్రపోయాడు, అమ్మ చెరువు వైపు గడ్డికి వెళ్లింది. నేను గుమ్మంలో కూర్చొని, మనసు బాగా లేకపోతే ఏం చేస్తామో అదే చేశాను. వరసగా ఆరు అరటిపండ్లు తిన్నాను. మామూలుగా తొక్కలను తీసుకెళ్లి కుడితి తొట్టిలో వేయడం మా ఇంటి పద్ధతి. కానీ సూపర్ మార్కెట్‌లో పనిచేసే పిల్ల తొక్కలు పట్టుకొని తొట్టి దాకా నడవడమేమిటి! డబుల్ కవరులో వేసి, మూతిని రెండు ముళ్లు బిగించి, ఎంతో శుభ్రంగా, ఎంతో నాగరికంగా గోడ పక్కకు విసిరేశాను. కాలనీలలో ఇలాగే చేస్తారని విన్నాను. కట్టి పడేసిన మూటను తర్వాత ఎవరు తీస్తారన్నది నేను వినలేదు, అడగలేదు.

గోడ పక్కనే దొరసాని ఉంది. అరటి తొక్కంటే దానికి ప్రాణం. మధ్యలో కవరుందా లేదా అని చూసే ఓపిక దొరసానులకు ఉండదు కదా.

అమ్మ గడ్డిమోపు దించేసరికి దొరసాని మెడ ముందుకు చాచి, నోటి నుంచి చొంగ కారుస్తూ, కళ్లు తేలేసి నిలబడి ఉంది. ఎడమ పక్క కడుపు డోలులా ఉబ్బుతోంది. "ఓయమ్మో, ఏమైందే నీకు దొరసానీ!" అని అమ్మ మోపును అక్కడే వదిలి పరుగెత్తింది. గడ్డి చూపిస్తే మొహం తిప్పుకుంది. నీళ్లు పెడితే ముక్కులోంచి వచ్చాయి. అమ్మ నా వైపు తిరిగి, "ఏం తిన్నదే గిది?" అని అడిగింది. నేను గోడ పక్కకు చూశాను. నా మూట లేదు.

"తెల్వదమ్మా," అన్నాను.

రెండు రోజుల్లో రెండోసారి. నాయినను లేపాం. ఆయన చొక్కా గుండీలు పైకీ కిందికీ పెట్టుకొని, పశువుల దవాఖాన డాక్టర్ను తీసుకురావడానికి స్కూటర్ మీద వెళ్లాడు. అమ్మ దొరసాని కడుపు నిమురుతూ, "ఏం కాదు బిడ్డా, డాక్టర్ సారొస్తుండు, జర ఓపిక వట్టు," అంటూ ఉంది. దాని కడుపు మీద చరిస్తే ఖాళీ డబ్బా చప్పుడు వస్తోంది. మూడేళ్ల క్రితం పక్క వాడలో ఇలాగే ఉబ్బిన బర్రె సాయంత్రానికి పడిపోవడం నేను చూశాను. ఇక నా వల్ల కాలేదు. అమ్మ కాళ్ల దగ్గర కూలబడి, "అమ్మా, కవరు తిన్నది. నేనే పడేసిన," అని బావురుమన్నాను.

అమ్మ చెయ్యి ఆగలేదు, నిమురుతూనే ఉంది. "ముడి ఏసినవా?"

"ఏసిన."

"ఎన్ని ముళ్లు?"

"రెండు."

"సూడు, నువ్వేసిన ముడి ఎన్నడన్న నిలిశిందా? జెడ రిబ్బన్ నిలువది, లంగ నాడ నిలువది. గిదొక్కటి నిలువాల్నా!" అంది. తిడుతున్నదో నవ్విస్తున్నదో తెలియలేదు. తర్వాత మెల్లగా, "చెప్పినవ్ గద, మంచిగైంది. ఏం తిన్నదో ఎరుకైతె సారుకు అల్కగైతది. కండ్లు తుడుసుకో, నీళ్లు వెట్టు పొయ్యి మీద," అంది.

డాక్టర్ను స్కూటర్ మీద చూడగానే ప్రాణం లేచి వచ్చింది, దిగగానే మళ్లీ పోయింది. ఆయన కుడిచేతికి కట్టు ఉంది. ముందురోజు ఏదో ఊళ్లో కోడె తన్నిందట. దొరసాని గొంతు కింద ఎడమచేత్తో తడిమి చూసి, "ఏం తిన్నది? దాచకుండా చెప్పండి," అన్నారు.

"కవరు సార్," అన్నాను.

"ఎంత కవరు?"

ఆ క్షణంలో కూడా నా ఉద్యోగం నన్ను వదల్లేదు. "లార్జ్ సార్. డబుల్ కవర్. లోపల ఆరు తొక్కలు," అన్నాను, బిల్లు చదివినట్టు.

"ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది. కిందికి పోలేదు కాబట్టి గాలి బయటికి రావట్లేదు. కడుపులోకి పోయిందంటే కోయాల్సి వస్తుంది. ఇప్పుడే చెయ్యి పెట్టి తీసేయాలి. నా చెయ్యి ఇట్లుంది. ఎవరు పెడతారు?" అని మా ముగ్గురినీ చూశారు.

అమ్మ పెడతానని ముందుకొచ్చింది. కానీ అమ్మ దాని తల పట్టుకోకపోతే దొరసాని నిలబడదు. నాయిన పెడతానన్నాడు. కానీ నోరు మూయకుండా దవడల మధ్య కర్ర అడ్డం పెట్టి పట్టుకోవడానికి బలమున్నవాడు కావాలి. అందరి చూపులూ వచ్చి నా చేతి మీద ఆగాయి. సన్నటి చెయ్యి, అయిదు గోళ్లకూ గులాబీ రంగు, మణికట్టుకు సూపర్ మార్కెట్ కోసం ప్రత్యేకంగా కొన్న సన్నటి గాజులు.

"గాజులు దియ్యి," అంది అమ్మ.

తీశాను. డాక్టర్ చేతి నిండా నూనె రాయించారు. అమ్మ దొరసాని తలను గుండెకు హత్తుకుంది. నాయిన కర్ర పెట్టాడు. "నాలుక పక్క నుంచి పోనీ. భయపడకు. వేళ్లు దగ్గరికి పెట్టు. లోపలికి, ఇంకా లోపలికి," అని డాక్టర్ చెప్తున్నారు. వేడి, జిగట, గరుకు నాలుక, చెంప మీద బుసబుసా కొడుతున్న ఊపిరి (ఆ వాసన గురించి రాయను, మీరు భోజనం చేయబోతూ ఉండవచ్చు). మోచెయ్యి దాకా వెళ్లాక వేళ్లకు ఏదో గలగలమన్నట్టు తగిలింది. ఆ గలగలను నేను ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపడతాను. "దొరికింది సార్!" అని అరిచాను. "గుంజకు, గట్టిగా పట్టుకొని మెల్లగా తియ్యి," అన్నారు. రెండు ముళ్లు వేళ్లకు చిక్కాయి. నా జన్మలో సరిగ్గా వేసిన ముళ్లు అవే. వాటిని పట్టుకొని తీస్తూ వచ్చాను. చొంగలో తడిసి, చిక్కి, పొడుగ్గా సాగి, ముందు ముడి వచ్చింది, తర్వాత మూట వచ్చింది, చివరికి టమాట వచ్చింది. అంత గొంతు ఇరుకులోంచి వచ్చి కూడా అది ముప్పై రెండు పళ్లతో నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత వచ్చింది తేన్పు. దొరసాని మెడ పైకెత్తి ఒక తేన్పు తేన్చింది. నాయిన చేతిలో కర్ర ఎగిరి కింద పడింది. పక్కింటివాళ్లు లారీ టైరు పేలిందనుకొని బయటికి వచ్చారు. డాక్టర్ రెండడుగులు వెనక్కి వేసి, ముక్కు మూసుకొని, "ఇంకేం ఫికర్ లేదు. బతికింది," అన్నారు. డోలు కళ్ల ముందే దిగుతూ వచ్చింది. దొరసాని ఒక్కసారి ఒళ్లు దులుపుకొని, మా నలుగురినీ పని లేనివాళ్లను చూసినట్టు చూసి, అమ్మ పడేసిన గడ్డిమోపు వైపు నడిచింది. నేను చేతిలో ఆ తడిమూటతో నేల మీద చతికిలబడి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా ఉన్నాను. అమ్మ వచ్చి ఆ కవరును వేలితో ఎత్తి చూసి, "దుకాణంల అందరి సంచులకు బిళ్లలిస్తవ్ గద. గిది లోపలికి వోయెటప్పుడు బిళ్ల ఇయ్యలేదా మా దొరసాని నీకు?" అంది. నాయిన నవ్వాడు, డాక్టర్ నవ్వారు, పక్కింటివాళ్లు ఎందుకో తెలియకుండానే నవ్వారు.

అందరూ వెళ్లాక అమ్మ తొట్టి దగ్గర నా చేతి మీద నీళ్లు పోసింది. మోచేతి దాకా గీతలు పడి మంట పుడుతోంది. గులాబీ రంగు మూడు గోళ్లకే మిగిలింది. తల వంచుకొని, "అమ్మా, నిన్న దుకాణంల..." అని మొదలుపెట్టాను.

"సామాన్కు రాలే బిడ్డా నేను," అంది అమ్మ. "ఉప్పు మన కిరాణంల దొరకదా? గా టై కట్టుకొని, టోపీ వెట్టుకొని నువ్వెట్ల నిలవడ్డవో సూద్దామని వచ్చిన. సూసిన. మంచిగున్నవ్."

"నేను తెల్వదన్న గదమ్మా..."

"అన్నవ్. అయితేంది? దొరసాని తొలిసూరి ఈనినప్పుడు రెండు దినాలు దూడను దగ్గరికే రానియ్యలే, తన్నింది. కొత్త గద, బుగులు వడ్డది. మూడో దినం అదే నాకింది. ఇగ చెయ్యి మంచిగ రుద్దుకో, వాసనొస్తున్నవ్."

నన్ను బర్రెతో పోల్చినందుకు మామూలు రోజుల్లో అయితే అలిగేదాన్ని. ఆ రోజు మాత్రం గుండెల మీద నుంచి ఎవరో బండరాయి దించినట్టైంది. ముందురోజు దిగని కూర కూడా ఆ సాయంత్రం మూడుసార్లు వడ్డించుకొని తిన్నాను.

మర్నాడు గోదారి సారు నా చేతి గీతలు చూసి, "ఏమైందమ్మా, పిల్లి రక్కిందా?" అని అడిగారు. ఊపిరి బిగబట్టి అంతా చెప్పేశాను. మన కవరు మా బర్రె మింగిందనీ, చెయ్యి పెట్టి తీశాననీ, మొన్న వచ్చినామె మా అమ్మనీ. ఉద్యోగం పోయినా పోనీ అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, "మీ అమ్మగారని నాకు తెలుసులేమ్మా," అన్నారు.

"ఎట్లా సార్?"

"ఆ ముక్కు చూస్తే తెలియదా ఏంటి? అచ్చు గుద్దినట్టుంది. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నానండి," అన్నారు (నాకు కూడా 'అండి' తగిలించారంటే ఆయన మనసు కదిలిందన్నమాట). తర్వాత గొంతు తగ్గించి, "గేదె కులాసాయేనా?" అని అడిగారు. వాళ్లింట్లోనూ గేదెలుండేవట.

బయటి సంచులు లోపలికి రాకూడదన్న నియమం ఆయన చేతిలో లేదు, పైవాళ్లది. అందుకని మేమిద్దరం కలిసి ఒక ఉపాయం చేశాం. సంచి తెచ్చుకున్నవాళ్లు బిల్లింగ్ దగ్గరికి చేరగానే బిళ్ల చూపిస్తే, నేనే ఆ సంచి తీసుకొని అటు పరుగెత్తాలి. సామాను సూటిగా అందులోకే. రోజంతా ఈ మూల నుంచి ఆ మూలకు పరుగులే. నెలలో నా నారింజ చొక్కా ఒంటి మీద వదులైంది. తోటి అమ్మాయిలు మొదట నవ్వారు. తర్వాత వాళ్ల ఇళ్లలోని చిరిగిన ప్యాంట్లు పట్టుకొచ్చి, "మీ అమ్మ బొటిక్‌ల గిసొంటియి కుడుతరా?" అని అడిగారు. అమ్మ కుట్టింది. జేబులతో సహా.

ఓ వారం తర్వాత అమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి నేను కౌంటర్ దాటి ఎదురెళ్లి, చెయ్యి పట్టుకొని, దుకాణమంతా వినపడేలా, "సార్, మా అమ్మ! చూడండి, మా అమ్మ వచ్చింది!" అని అరిచాను. బిల్లింగ్ దగ్గరున్నవాళ్లంతా తలలు తిప్పారు. అమ్మ కంగారుగా కొంగు మొహం మీదికి లాక్కొని, "గంత గట్టిగ ఒర్రకు పోరీ! పేడకాళ్లతోటి అట్లనే వచ్చిన, ఇయ్యాల నాకే సిగ్గైతున్నది," అంది.

ఇప్పుడు మేం తుర్కయాంజాల్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. కింద ఒక పెద్ద దుకాణం ఉంది. బిల్లింగ్ దగ్గర ఒక చిన్నపిల్ల, పట్టుమని ఇరవై ఏళ్లుండవు, నేను మడిచిన గుడ్డసంచి తీయగానే మూతి ఒకలా పెట్టి, "అయ్యో ఆంటీ, కవరు ఇస్తాం కదా!" అంటుంది. దానికి ఈ కథంతా చెప్పాలని నాలుక చివరిదాకా వస్తుంది. చెప్పను. ఆ వయసులో ఏ ఆంటీ చెప్పినా నేను మాత్రం విన్నానా? ఆ పిల్ల గోళ్ల రంగు చూస్తాను, అద్దంలా మెరుస్తున్న జుట్టు చూస్తాను, పక్కవాళ్లు తనను చూస్తున్నారా లేదా అని దొంగచూపులు చూడడం చూస్తాను. నాకు కోపం రాదు. ఎంత భయపడుతూ, ఎంత గొప్పగా నిలబడేదాన్నో కదా నేనూ అనుకుంటాను. సంచి భుజాన వేసుకొని మెట్లెక్కుతుంటే, మూడో అంతస్తు వచ్చేదాకా ఎందుకో నవ్వు ఆగదు.